అమ్మాయికి ఏది ఇష్టం?



పదో తరగతి ఫలితాలు వచ్చాక వర్తూరులోని తెలుగు కుటుంబాలు ఆదివారం ఆరాధన తరువాత ఎక్కువగా మాట్లాడుకునేది ఒకటే: పీయూసీలో పిల్లల్ని ఏ గ్రూపులో చేర్చాలి? అబ్బాయి గురించి అడిగితే "కంప్యూటర్ సైన్స్‌లో వేస్తున్నాం" అంటారు. అమ్మాయి గురించి అడిగితే "దానికి బయాలజీ అంటే ఇష్టం" అంటారు.

ఆ ఇష్టం ఎక్కడ నుంచి వచ్చింది? పాడైన మిక్సీ విప్పి చూడమని అబ్బాయి చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చాం. అమ్మాయి ముట్టుకుంటే "షాక్ కొడుతుంది, వదిలెయ్" అన్నాం. తాతయ్యకు వేళకు మాత్రలు ఇచ్చే పని మాత్రం పదేళ్లకే ఆమెకు అప్పగించాం. (ఇది రాస్తున్న ఇంట్లోనూ జరిగిందదే.) పదహారేళ్లు వచ్చేసరికి ఆమెకు సేవ అంటే ఇష్టమని తేల్చేశాం. సంఘంలోనైతే దాన్ని పిలుపు అంటాం. నర్సింగ్ గొప్ప వృత్తే, ఆ జీతంతో నిలబడిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. మరి ఆ పిలుపు మన అబ్బాయిలకు అంత అరుదుగా ఎందుకు వినబడుతోంది?

వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో తెలుగు అమ్మాయిలు లేరా అని అడుగుతారు. చాలామంది ఉన్నారు. ఒకప్పుడు "ఆడపిల్లకు ఇంజనీరింగ్ ఎందుకు" అన్న ఇళ్లే, ఏసీ గది, ఆఫీసు క్యాబ్ వచ్చాక "సాఫ్ట్‌వేర్ ఆడపిల్లలకు బాగుంటుంది" అన్నాయి. సివిల్, మెకానికల్ అంటే ఇప్పటికీ "ఎండలో ఏం నిలబడతావమ్మా" అనే మాటే. ఐఐటీల్లో పదిమందిలో ఒక్క అమ్మాయి కూడా లేని పరిస్థితిలో 2018 నుంచి వారికి అదనపు సీట్లు ఇచ్చారు. కొద్ది ఏళ్లలోనే వారి వాటా దాదాపు రెట్టింపయింది. అంత తక్కువ కాలంలో అమ్మాయిల బుర్రలు మారిపోలేదు కదా.

తెలుగింటి బిడ్డ ఎ. లలిత 1919లో మద్రాసులో పుట్టారు. 15 ఏళ్లకు పెళ్లి. 18 ఏళ్లకు భర్త పోయారు, ఒడిలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి కూతుర్ని అక్కడే ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. దేశంలోని తొలి మహిళా ఇంజనీర్లలో ఆమె ఒకరయ్యారు. భాక్రా నంగల్ ప్రాజెక్టుకు విద్యుత్ లైన్ల పనిలో పాలుపంచుకున్నారు. ఆమె వైద్యం వద్దనుకున్న కారణం వినండి: వేళకాని వేళ ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే పాపను చూసుకోవడం కుదరదని. ఈరోజు "రేపు పిల్లల్ని ఎవరు చూస్తారు" అంటూ మనం అమ్మాయిల్ని ఏ చదువులకు దూరం చేస్తున్నామో, అదే ప్రశ్న ఆమెను ఆ చదువుకే చేర్చింది.

యువజన కూటాల్లో చదువుల గురించి చెప్పడానికి సాఫ్ట్‌వేర్ అన్నయ్యనూ డాక్టర్ అక్కనూ పిలిచి సరిపెట్టకండి. కట్టడాల దగ్గర పనిచేసే ఒక అక్కనూ, నర్సుగా ఉన్న ఒక అన్ననూ వెతికి పిలవండి. తల్లిదండ్రులకు ఒక మనవి: కాలేజీ ఫారం నింపేముందు అమ్మాయిని ఏం చదువుతావని అడగండి, ఆమె చెప్పేదాకా మీ జవాబు చెప్పకండి.