శోభనానికి ముందు దంపతులకు లైంగిక అవగాహన కల్పించాలని విజ్ఞప్తి

పెళ్లి నిశ్చయమైన ఇంట్లో లగ్నపత్రిక రాయించడం మొదలుకొని అప్పగింతల దాకా ప్రతి పనినీ ఎవరో ఒకరు మీద వేసుకుంటారు గానీ, కాపురం మొదలుపెట్టబోయే ఇద్దరికీ దాంపత్యంలోని శారీరక విషయాలు తెలియజెప్పే బాధ్యతను ఎవరూ తీసుకోరు. స్నేహితుల గొప్పలనూ ఫోనులో చూసిన అశ్లీల దృశ్యాలనూ నమ్ముకొని అబ్బాయి, అతను చెప్పినట్టు నడుచుకోమన్న ఒక్క మాట మాత్రమే విని అమ్మాయి శోభనపు గదిలో అడుగుపెడతారు. ఈ లోటును పూడ్చవలసిందిగా పెళ్లి పెద్దలకూ వైద్యులకూ ప్రభుత్వాలకూ చేస్తున్న విజ్ఞప్తి ఇది.

తెలుగునాట చాలా కుటుంబాల్లో శోభనాన్ని మూడు రాత్రుల వేడుకగా జరిపిస్తారు. ముహూర్తం చూసి, పాలగ్లాసు చేతికిచ్చి గదిలోకి పంపడం, మర్నాడు పొద్దున్నే ‘అంతా సవ్యంగా జరిగిందా’ అని ఆరా తీయడం ఆచారమైపోవడంతో, ఒకరికొకరు అలవాటు పడవలసిన సమయం కాస్తా ఇద్దరికీ పరీక్షగా మారుతోంది. ఆందోళన పెరిగినప్పుడు శరీరం ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి సిద్ధపడుతుంది కనుక పురుషాంగానికి రక్తప్రసరణ తగ్గి అంగస్తంభన జరగకపోవచ్చు. భయం వల్లనో నొప్పి వస్తుందన్న ఊహ వల్లనో యోని చుట్టూ ఉన్న కండరాలు ఆమె ప్రమేయం లేకుండానే బిగుసుకుపోవచ్చు. ఈ రెండో స్థితిని వైద్యులు వెజినిస్మస్ అంటారు. సడలింపు వ్యాయామాలతో, క్రమక్రమంగా చేసే సాధనతో, భర్త ఓర్పుతో ఇది చాలామందిలో నయమవుతుంది. ఇంట్లో మాత్రం మొదటిదానికి మగతనం లేదనీ, రెండోదానికి అమ్మాయికి ఇష్టం లేదనీ పేర్లు పెట్టి, వైద్యుడి దగ్గర తేలవలసిన విషయాన్ని పెద్దమనుషుల పంచాయితీకి ఎక్కించడం అన్యాయం. తొలిరాత్రి రక్తం కనబడకపోవడాన్ని శీలానికి ముడిపెట్టడం అంతకన్నా క్రూరం. కన్యాత్వ పరీక్షలకు శాస్త్రీయమైన ఆధారమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే స్పష్టం చేసింది.

చెప్పేవారు లేని చోట అమ్మేవారు చేరతారు. వీర్యం పోతే బలం పోతుందన్న భయంతో నీరసాన్నీ గుండెదడనూ అనుభవించే స్థితికి భారతీయ మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. లైంగిక శక్తి పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించినా, నరాల బలహీనతకు మందిస్తామనే గోడరాతలు నేటికీ ఆ భయం మీదే బతుకుతున్నాయి.

లైంగిక అవగాహన అనగానే భంగిమల పాఠమని పెద్దలు కంగారు పడనక్కరలేదు. జాక్ ఆనన్ అనే మనస్తత్వవేత్త 1976లో ప్రతిపాదించిన పద్ధతిలో నాలుగు మెట్లు ఉన్నాయి: ఈ విషయం మాట్లాడవచ్చునన్న అనుమతి, అవసరమైనంత సమాచారం, ఆ జంటకు తగిన సూచనలు, చివరగా ప్రత్యేక చికిత్స. ఎక్కువ జంటలకు తొలి రెండు మెట్లే సరిపోతాయన్నది ఈ పద్ధతికి పునాది. లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో ప్రకటించిన చికిత్సా విధానంలో దంపతులను కొంతకాలం సంభోగం ఊసెత్తకుండా, స్పర్శనూ దాని హాయినీ మాత్రమే గమనించమంటారు. ఫలితం చూపాలన్న ఒత్తిడి తొలగిపోతే శరీరం తనంతట తాను స్పందిస్తుందన్నది దాని ఆంతర్యం. ఇటువంటి శిక్షణ పొందిన జంటల్లో దాంపత్య తృప్తి పెరిగినట్టు ఇరాన్‌తో సహా పలు దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. వాటిలో చాలావాటిని కొద్దిమందితో, కొద్ది నెలల పాటే నిర్వహించారన్న మాట నిజమే అయినా, ఇష్టాయిష్టాలను నోరు తెరిచి చెప్పుకోగలిగే దంపతులు ఎక్కువ తృప్తిగా ఉంటారన్న విషయం పదేపదే రుజువవుతూ వచ్చింది. ఇష్టాన్ని చెప్పడమంటే వద్దని చెప్పగలగడం కూడా. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం లైంగిక వేధింపును హింసగానే లెక్కగట్టిందని వరుడు ముందే తెలుసుకోవాలి.

కనుక ముహూర్తాలు పెట్టుకునే కుటుంబాలు పెళ్లికి ముందే వధూవరులిద్దరినీ కలిపి ఒక స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరికో, శిక్షణ పొందిన కౌన్సిలర్ దగ్గరికో పంపి, గర్భనిరోధం సహా అన్ని సందేహాలూ అడిగే అవకాశం కల్పించాలనీ, మర్నాటి ఆరాలు పూర్తిగా మానుకోవాలనీ మనవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. అటువంటి పెళ్లి కుదిరిన చోట పెద్దలు చేయవలసిన మొదటి పని దాన్ని ఆపడమే. 2002 నాటి వివాహాల నిర్బంధ నమోదు చట్టం కింద పనిచేసే కార్యాలయాలూ, తెలంగాణలో కళ్యాణలక్ష్మి పథకం దరఖాస్తులు స్వీకరించే అధికారులూ ఆ సందర్భంలోనే జంటకు ఒక ఉచిత అవగాహన తరగతికి ఆహ్వానం అందించవచ్చు. అది నిర్బంధం కాకూడదు.

పెళ్లయి ఏళ్లు గడిచినవారిని కూడా మరచిపోకూడదు. కాన్పు తర్వాత, నెలసరి ఆగిపోయాక, షుగరు వచ్చాక దాంపత్యంలో మార్పులు సహజమే అయినా, భార్యాభర్తలు వాటిని ఒకరిలో ఒకరికి ఇష్టం తగ్గిందని పొరబడి దూరమవుతుంటారు. షుగరు రోగికి చీటీ రాసే వైద్యుడు పాదాల గురించీ కళ్ల గురించీ అడిగినట్టే దాంపత్యం గురించి కూడా ఒక ప్రశ్న అడగాలి. అది కూడా వరుసలో వేచి ఉన్నవారికి వినబడేలా గాక, తలుపు మూసి అడగాలి.