శనివారం గానుగ ఆపినవాళ్లను చూసి...

మన ముంబయి తెలుగువాళ్లలో డిగ్రీ చదువుతున్న ఓ అమ్మాయి మొన్న సంఘం సమావేశంలో లేచింది. యూదు మతం మీద తన కాలేజీలో ఓ అతిథి అధ్యాపకుడు చెప్పిన పాఠం గురించి మాట్లాడబోయింది. "దేవుడి గురించి చెబుతారనుకున్నాను. ఆయన ఇంటి గురించి చెప్పారు. మాచేత ప్రశ్నలే ఎక్కువ అడిగించారు" అంది. వెంటనే కొందరు పెద్దలు "తెలుగు సంఘంలో యూదుల ఊసెందుకు?" అని కూర్చోబెట్టేశారు. అది తప్పని మేమంటున్నాం.

ఆమె చెప్పబోయింది మన పక్కింటి కథే. కొంకణ్ తీరంలో స్థిరపడిన బెనె ఇజ్రాయెల్ యూదులు నూనె గానుగలు ఆడించేవారు. శనివారం గానుగ ఆపేవారు గనుక ఊరివాళ్లు వాళ్లను 'శనివార్ తేలీ'లన్నారు. హీబ్రూ దాదాపు మరిచారు, ఇంట్లో మరాఠీయే. అయినా ఆ విశ్రాంతిదినం వదల్లేదు. 1796లో ముంబయిలో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. పస్కా రాత్రి ఇంట్లో చదువుకునే హగ్గదా 1846లో మరాఠీ అనువాదంతో ఇక్కడే అచ్చయింది. ఆ రాత్రి అందరికంటే చిన్నపిల్ల ప్రశ్నలు అడగాలి, పెద్దలు జవాబు చెప్పాలి.

మరి మనం? ఉగాదికి హాలు, శాలువాలు, ఉపన్యాసాలు. పిల్లలు వెనక వరసలో ఫోన్లు చూసుకుంటారు. తెలుగు బడుల గురించి ప్రభుత్వాన్ని తిడతాం. తిట్టాల్సిందే. కానీ వారానికి ఒక్క పూటైనా ఇంట్లో తెలుగే మాట్లాడాలని మనలో ఎవరం కట్టుబడ్డాం? నోరు విప్పిన ఒక్క పిల్లనూ కూర్చోబెట్టాం!

వచ్చే సమావేశంలో మొదటి మాట ఆ అమ్మాయిదే కావాలి. శాలువాలు తర్వాత.