అబ్బాయికి కాదండీ, నాకే!

మొన్న హెడ్‌ఫోన్ల షాపుకి వెళ్ళి, ఒకటి తలకి తగిలించుకుని, అక్కడున్న స్టూలు మీద తీరిగ్గా కూర్చున్నాను. షాపులో కుర్రాడు ఐదు నిమిషాలు ఓపిక పట్టి, "బాబు కోసమా మేడమ్?" అన్నాడు. "అబ్బాయికి కాదండీ, నాకే" అన్నాను. నేను స్కూటీ నేర్చుకుంటానన్నప్పుడు మా చుట్టాలు చూసిన చూపే అతనూ చూశాడు.

అసలు కథ మావాడితో మొదలైంది. ఇంజనీరింగ్ రెండో ఏడు. పెళ్ళింటి ముందు సీరియల్ లైట్లలా చుట్టూ ఎర్రగా వెలిగే గేమింగ్ హెడ్‌సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. గంట ఆడేసరికి తీసి మంచం మీద పడేసి చెవులు రుద్దుకునేవాడు. నెల తిరక్కుండానే అది అటకెక్కబోతుంటే "నాకివ్వరా" అన్నాను.

మధ్యాహ్నం పనులయ్యాక నాకు రెండు సరదాలు. ఒకటి, ఫోన్లో కథలు వినడం. రెండు, హైదరాబాదులో ఉన్న మా చెల్లెలితో లూడో ఆడడం. కబుర్లు చెప్పుకోకుండా ఆడితే అందులో మజా ఏముంది? అందుకే మైకు ఉన్న హెడ్‌సెట్ బాగుంటుందనుకున్నాను. అరగంటలో మావాడి బాధ నాకూ తెలిసొచ్చింది. కమ్మల వెనక శీల చెవి కింద గుచ్చుకుంటోంది. కళ్ళజోడు కాడలు కణతల్లోకి దిగుతున్నాయి. పైపట్టీ సరిగ్గా జుట్టుకి పెట్టుకున్న క్లిప్పు మీదే కూర్చుంది. ఇక చెమట సంగతి, విజయవాడ ఎండలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పాలా?

హెడ్‌ఫోన్లు చెప్పుల్లాంటివని అప్పుడే అనిపించింది. ఎంత అందంగా ఉన్నా, ఎంత ఖరీదైనవైనా, కరిస్తే గుమ్మం దగ్గరే ఉండిపోతాయి. మరి చెప్పులు వేసుకుని నాలుగడుగులు నడిచి చూసే మనం వీటిని బొమ్మ చూసి ఎందుకు కొంటున్నాం?

అందుకే షాపులో అంతసేపు కూర్చున్నాను. మీరూ వెళ్తే కనీసం పావుగంట పెట్టుకుని చూడండి. రోజూ పెట్టుకునే కమ్మలూ, కళ్ళజోడూ, కొప్పూ అన్నీ ఉండగానే చూడండి. ఇంట్లో పెద్ద సైజువే మేలు. చిన్నవి చెవి మీద కూర్చుని నొక్కుతాయి. పెద్దవి చెవి మొత్తాన్ని లోపలికి తీసుకుంటాయి. చెవి అంచు గిన్నెకి ఎక్కడా తగలకూడదు. తల అటూఇటూ ఊపితే జారకూడదు, అలాగని దవడ దగ్గర బిగిసిపోకూడదు. బరువు పావుకిలో ప్రాంతంలో ఉంటే హాయి. మూడు వందల యాభై గ్రాములైతే మొదట తెలియదు, గంట తరవాత మెడ చెబుతుంది.

రెక్సిన్ దిండ్లు బయట శబ్దాన్ని బాగా ఆపుతాయి కానీ చెమట పట్టిస్తాయి, కొన్నాళ్ళకి పొట్టు రాలతాయి. గుడ్డవి చల్లగా ఉంటాయి, శబ్దాన్ని మాత్రం కాస్త వదిలేస్తాయి. ఏవి తీసుకున్నా, దిండ్లు విడిగా దొరుకుతాయా అని అడగండి. దిండు చిరిగిందని మొత్తం పారేయడం మనవల్ల అయ్యే పని కాదు కదా.

ఆటలు ఆడే పిల్లలకైతే ఇంకో మాట. బ్లూటూత్‌లో చప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది. పాటకి పరవాలేదు కానీ ఆటలో ఆ క్షణమే ముఖ్యం. పైగా దాని మైకు వాడితే చాలాసార్లు వినపడే నాణ్యత కూడా పడిపోతుంది. వైరుదో, కంప్యూటర్‌కి చిన్న డాంగిల్ తగిలించేదో నయం. లైట్లకి పెట్టే డబ్బు దిండ్లకి పెట్టమని మావాడికి చెప్పాను. ఈసారి విన్నాడు.

సుఖం అంటే సోకు అనుకోకండి. సరిగ్గా అమరని జోడు సందుల్లోంచి ఫ్యాను చప్పుడూ మిక్సీ చప్పుడూ లోపలికొస్తాయి. దాన్ని మించడానికి పిల్లలు సౌండు పెంచుతారు. పెద్దవాళ్ళు వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్స్ దాటకూడదని, పిల్లలకైతే అది 75 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ వినదగ్గ సమయం సగానికి తగ్గిపోతుంది. పోయిన వినికిడి మళ్ళీ తెచ్చుకోవడం మన చేతిలో ఉండదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. వీటిలో రెండు రకాలున్నాయి. గిన్నెల వెనక జాలీ ఉన్నవి గాలి ఆడుతూ తేలిగ్గా ఉంటాయి, బయటి శబ్దాలు వినపడతాయి, మన పాట పక్కవాళ్ళకీ వినపడుతుంది. మూసి ఉన్నవి బయటి శబ్దాన్ని తగ్గిస్తాయి. మావారు వెంటనే "నీకు జాలీదే మంచిది, కుక్కర్ విజిల్ వినపడుతుంది" అన్నారు. అత్తయ్యగారు "అవునమ్మా, నేను పిలిచినా వినపడాలి కదా" అన్నారు. మావాడు "కాలింగ్ బెల్లు కూడా అమ్మా" అన్నాడు. ముగ్గురూ నా మంచికే చెప్పారు. కానీ ముగ్గురిలో ఒక్కరైనా నాకు ఏది వినాలనుందో అడగలేదు. మావాడు తలుపేసుకుని గంటలకొద్దీ ఆడుతుంటే ఈ ఇంట్లో ఎవరూ వాడికి కుక్కర్ విజిల్ గుర్తు చేయలేదు.

ఇరవై రెండేళ్ళుగా నా చెవులు ఉమ్మడి ఆస్తి. పాలు పొంగే చప్పుడూ, నీళ్ళ ట్యాంకు నిండిన చప్పుడూ, రాత్రి పిల్లాడి దగ్గూ అన్నీ ముందు నాకే వినపడాలి. దానికి నాకు బాధ లేదు, ఇల్లంటే అంతే. కానీ రోజుకో గంట నాది కాకూడదా?

1910లో అమెరికాలోని ఉటాలో నెథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో కూర్చుని చేత్తో తయారుచేసిన హెడ్‌ఫోన్లని అక్కడి నౌకాదళం కొనుక్కుందట. వంటింట్లో తయారైన వస్తువు వంటింటి మనిషి చెవులకి చేరడానికి ఇన్నేళ్ళు పట్టిందన్నమాట!

నేను మూసి ఉన్నదే కొన్నాను, గుడ్డ దిండ్లది. ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను. మూడు నుంచి నాలుగు వరకు పొయ్యి మీద ఏమీ ఉండదు. ఆ గంట బెల్లు మోగితే మావాడు తీస్తాడు, కాలేజీ ఉన్న రోజు అత్తయ్యగారు తీస్తారు. మరీ అవసరమైతే వచ్చి భుజం తట్టండి అన్నాను. మొదటివారం నాలుగుసార్లు తట్టారు, పోయినవారం ఒక్కసారే.

మీరూ కొనుక్కోండి. ఖరీదైనదే కానక్కర్లేదు, కరవకుండా ఉంటే చాలు. షాపువాడు ఎవరికని అడిగితే మాత్రం తడబడకండి.