మంట తీసేయండి, వెలుగు పెట్టుకోండి

రాత్రిపూట పొలం పోయే రైతు జేబు తడిమితే ఏముంటుంది? బీడీ కట్ట, లైటరు, ఈ మధ్య ఫోను. టార్చిలైటు మాత్రం ఇంట్లో వసారా మేకుకు వేలాడుతుంటుంది. పొలంలో చీకటి పడ్డాక దాని సంగతి గుర్తొస్తుంది. అప్పుడేం చేస్తాం? లైటరు తీసి టిక్కుమని వెలిగిస్తాం. ఆ మంట వెలుగులోనే స్టార్టరు పెట్టె మూత తీస్తాం. స్ప్రేయరులో పెట్రోలు ఎంతుందో తొంగి చూస్తాం. గడ్డివాము పక్కన జారిపడ్డ తాళంచెవి వెతుకుతాం.

ఈ అలవాటు మానండి అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఉత్తినే మానమంటే ఎవరూ మానరు. చేతిలో వేరే దారి ఉండాలి. ఆ దారి మీ పాత సామాన్ల డబ్బాలోనే ఉంది. పనికిరాదని పారేసిన పెట్రోలు లైటరును చిన్న బ్యాటరీ లైటుగా మార్చుకోవచ్చు. బీడీ ముట్టించిన డొక్కే దారి చూపిస్తుంది. ఖర్చు యాభై రూపాయల లోపే. పని అరగంట.

వెలుగు కోసం మంటా?

మంటతో వచ్చే చిక్కు ఏమిటో ముందు చూద్దాం. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. ట్యాంకు మూత తీయగానే అది కిందికి జారి నేల మీద పాకుతుంది. మంట ట్యాంకు దగ్గరే ఉండనక్కర్లేదు, రెండడుగుల దూరంలో ఉన్నా అందుకుంటుంది. గోబర్ గ్యాసు ప్లాంటు దగ్గర లీకు చూడ్డానికి లైటరు వెలిగించే వాళ్లున్నారు. అది లీకు చూడ్డం కాదు, ప్రమాదాన్ని పిలవడం. ఇక పత్తి. ధర వస్తుందని ఇంట్లోనే గదినిండా పోసుకుంటాం. ఆ గదిలో రాత్రి కరెంటు పోతే లైటరు తీయడం కన్నా చీకట్లో నిలబడ్డం మేలు.

ఇంకో సంగతి. మంట వెలుగు మన కళ్లకే ఎదురుకొడుతుంది. పాదాల దగ్గర ఏముందో సరిగా కనపడదు. గాలికి ఆరిపోయిందంటే ముందున్న చూపు కూడా ఉండదు, కళ్లు బైర్లు కమ్ముతాయి. నిమిషంపాటు వెలిగిస్తే బొటనవేలు కాలుతుంది. దీన్ని దీపం అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

పాదాల దగ్గర చూపు ఎందుకు కావాలో రైతుకు చెప్పాలా? 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు చనిపోయిన వాళ్లు సుమారు 12 లక్షల మంది అని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు. అందులో ఎక్కువ మంది పల్లెల వాళ్లు. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే మనం నాట్లు, కలుపులు, నీళ్లు అంటూ గట్ల మీద తిరిగే రోజుల్లో. చావులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల వరసలో మన తెలుగు నేల కూడా ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - ఈ నాలుగూ మన పొలాల్లో తిరిగేవే. కట్లపాము అయితే రాత్రి సంచారమే. పాము మన మీద పగబట్టి రాదు. చూడకుండా తొక్కితే కరుస్తుంది. చూపు ఉంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

కావలసిన సామాను

మూతతో మడిచే ఇనుపడొక్కు పెట్రోలు లైటరు ఒకటి. తాతల నాటిదో, దుబాయి నుంచి చుట్టాలు తెచ్చిందో చాలా ఇళ్లలో పడి ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, కందిగింజ కన్నా కాస్త పెద్దది. పాడైన టార్చిలోంచో, ఎమర్జెన్సీ లైటులోంచో ఊడదీసినా సరిపోతుంది. రూపాయి బిళ్లలాంటి సెల్లు ఒకటి. దాని మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. వంటింటి చిన్న కాటాలకూ, కార్ల రిమోట్లకూ వేసేది అదే. కరెంటు పని వాళ్లు వాడే నల్ల టేపు. పాత సైకిలు ట్యూబు ముక్క. ఇంతే.

ఈ సెల్లు 3 వోల్టులు ఇస్తుంది. తెల్ల ఎల్‌ఈడీ వెలగడానికీ దాదాపు అంతే కావాలి. అందుకే మామూలు గడియారం సెల్లు ఒక్కటి పెడితే వెలగదు, అది ఒకటిన్నర వోల్టే. పాత టార్చి బల్బుల్లో తీగె కాలి వెలుగొచ్చేది. అది పావు ఆంపియరుకు పైగా కరెంటు తాగేది. ఎల్‌ఈడీకి 20 మిల్లీ ఆంపియర్లు చాలు, ఇంకా తక్కువైనా వెలుగుతుంది. బిళ్ల సెల్లుతో దీపం సాధ్యమైంది అందుకే. ఈ తెల్ల వెలుగుకు దారి తీసిన నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి ఫలం మన జేబులోకి రావడానికి యాభై రూపాయలు పెట్టలేమా?

చేసే తీరు

ముందు లైటరు లోపలి డొక్కును పైకి లాగండి, ఊడి వస్తుంది. దూది, వత్తి అందులోనే ఉంటాయి. ఆ లోపలి డొక్కుతో మనకు పని లేదు. పొయ్యికీ దీపానికీ దూరంగా ఆరుబయట ఈ పని చేయండి. దూదిలో పెట్రోలు వాసన ఉన్నంతసేపూ బీడీ ముట్టించొద్దు. బయటి డొక్కును గుడ్డతో తుడిచి ఒక రోజు గాలికి ఆరనివ్వండి.

డొక్కు ఇనుముది కదా, కరెంటు దాంట్లోంచి పారుతుంది. అంచేత లోపలి గోడలకూ అడుగుకూ నల్ల టేపు రెండు వరసలు అంటించండి. ఈ పని ఎగ్గొడితే సెల్లు రెండు వైపులా ఇనుముకు తగిలి ఊరికే అయిపోతుంది, వేడెక్కుతుంది కూడా.

ఇప్పుడు ఎల్‌ఈడీ చూడండి. రెండు కాళ్లుంటాయి, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. సెల్లును ఆ రెండు కాళ్ల మధ్యకు దూర్చండి. పొడుగు కాలు సెల్లు మీద కూడిక గుర్తున్న వైపు ఉండాలి. తిరగేసి పెడితే బల్బు పాడుకాదు, వెలగదంతే. వెలిగిందని చూసుకున్నాక పొడుగు కాలును సెల్లుకు టేపుతో గట్టిగా అంటించండి. పొట్టి కాలును అంటించొద్దు, అది స్ప్రింగులా సెల్లును ఒత్తుకుని ఉండాలి. ఆ కాలికీ సెల్లుకూ మధ్య సన్నటి ప్లాస్టిక్ పీలిక ఒకటి దూర్చండి. అదే స్విచ్చి. పీలిక లాగితే వెలుగుతుంది, దూరిస్తే ఆరుతుంది. మెరిసే గుట్కా కవరు, మందుబిళ్లల రేకు పనికిరావు. వాటిలో లోహపు పూత ఉంటుంది. పాల ప్యాకెట్టు ముక్క బాగుంటుంది.

దీన్నంతా డొక్కులో నిలువుగా దించండి. బల్బు తల మూతి దగ్గర పైకి చూడాలి. అడుగునా పక్కలా ట్యూబు ముక్కలు కుక్కితే కదలదు. పొట్టి కాలు ఉన్న వైపు ముక్క కాస్త మెత్తగా ఉండాలి, పీలిక దూరడానికి చోటు కావాలి కదా. మూత మూస్తే దుమ్ము పడదు. చేయి తిరిగిన వాళ్లయితే ఊళ్లో ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర చిన్న స్విచ్చి టంకం వేయించుకోవచ్చు.

ప్లాస్టిక్ లైటరు జోలికి పోవద్దు

ఇది పెద్దక్షరాలతో చెప్పాల్సిన మాట. బడ్డీకొట్లో దొరికే ప్లాస్టిక్ గ్యాసు లైటరు దీనికి పనికిరాదు. అందులో బ్యూటేన్ గ్యాసును ఒత్తిడి పెట్టి నీళ్లలా చేసి నింపుతారు. వెలగడం మానేసినా లోపల కొంత మిగిలే ఉంటుంది. కోయడం, రంధ్రం వేయడం, కాల్చిన మేకు గుచ్చడం చేయొద్దు. పొయ్యిలోనో, మోళ్లు కాల్చే మంటలోనో వేస్తే పేలుతుంది. పిల్లలకు ఆడుకోను ఇవ్వొద్దు. కొన్నింటికి అడుగున చిన్న లైటు ఉంటుంది. అది విడిగా ఊడి వచ్చేదైతే దాని సెల్లులు మార్చుకుని ఆ లైటునే వాడుకోండి. గ్యాసు తిత్తిని ముట్టుకోవద్దు.

ఇంకో హెచ్చరిక తల్లులకు. ఈ బిళ్ల సెల్లు పసిపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. మింగారని అనుమానమొచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. అయిపోయిన సెల్లులోనూ ఆ ప్రమాదం ఉంటుంది. టేపు చుట్టి పిల్లలకు అందని చోట పెట్టండి.

ఫోను ఉంది కదా అంటారా?

ఈ మాట రచ్చబండ దగ్గర తప్పకుండా వస్తుంది. ఫోనులో లైటు ఉంది, నిజమే. కానీ వానలో, బురద చేతుల్లో వేల రూపాయల ఫోను బయటికి తీస్తామా? పగలంతా పాటలు, వీడియోలు చూశాక రాత్రి పదకొండు గంటలకు అందులో ఛార్జింగు ఎంతుంటుంది? ఉన్న కాస్తా వెలుగుకే ఖర్చు చేస్తే ఆపదలో 108కు ఫోను చేసేదెలా? ఫోనును మాట కోసం మిగుల్చుకోవాలి.

సంతలో వందకు ఛార్జింగు టార్చి వస్తుంది, ఈ తిప్పలెందుకు అనే వాళ్లూ ఉన్నారు. కొనండి, వద్దనను. అయితే వాటిలో చాలావాటి బ్యాటరీ ఒకటి రెండు సీజన్లకే చతికిలబడుతుంది. లోపల ఏం పోయిందో మనకు తెలియదు, పారేస్తాం. మన చేత్తో చేసుకున్నదైతే ఏ ముక్క ఎక్కడుందో మనకు తెలుసు. సెల్లు అయిపోతే మార్చుకుంటాం.

ఈ బుల్లి దీపానికి లేని గొప్పలు అంటగట్టను. వెలుగు మూడు నాలుగడుగులకు మించదు. మొదట్లో నిండుగా ఉండి వాడేకొద్దీ మందగిస్తుంది. దీన్ని నమ్ముకుని అరకిలోమీటరు గట్టు వెంబడి నడవొద్దు. నడకకు పెద్ద టార్చి, చేతికర్ర, కాళ్లకు బూట్లు ఉండాల్సిందే. ఇది ఆ టార్చి ఆరిపోయిన నిమిషానికి, ఇంట్లో మరిచిపోయిన రోజుకు, తాళం రంధ్రానికి, గేదె ఈనేటప్పుడు దూడ కాళ్లు చూడ్డానికి. స్టార్టరు పెట్టెలో ఫ్యూజు వేయడానికి మాత్రం కాదు. టార్చి చంకలో ఇరికించుకుని, నోట కరుచుకుని, తడి చేతులతో ఫ్యూజు వేయబోయి ప్రాణాలమీదికి తెచ్చుకోవద్దు. ఆ పని తెల్లారాక, లైను ఆపించి, పని తెలిసిన వాళ్లతోనే.

కరెంటు పగలిస్తే సరిపోదా?

అసలు రాత్రి పొలం పోవాల్సిన గతి ఎందుకు పట్టింది అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. 7 గంటలు ఇస్తామన్నది చాలాచోట్ల పగలు కొంత, రాత్రి కొంతగా చీలింది. మోటారు వేయడానికి అర్ధరాత్రి లేచిన వాళ్లెందరో. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల సరఫరా మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూటే 9 గంటలు ఇవ్వాలన్న మాట చాలాకాలంగా వినిపిస్తున్నదే. పగటి కరెంటు రైతు హక్కు, దాన్ని గట్టిగా అడగాల్సిందే. ఈ దీపం చేసుకున్నామని ఆ డిమాండు వదిలేయకూడదు.

అయితే కరెంటు పగలొచ్చినా రాత్రి పనులు తీరవు. కాలువ చివరి భూములకు నీటి వంతు ఏ రెండు గంటలకో వస్తుంది. వేరుశెనగలో అడవిపందులు పడతాయి. కళ్లంలో ధాన్యం రాశికి కాపలా కావాలి. నాలుగింటికే పాలు పితకాలి, పాల బండి ఆగదు. ఈ పనులు ఏ జీవోతోనూ పగటికి మారవు. అందుకే ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వాన్ని అడుగుదాం, మన జేబు సంగతి మనం చూసుకుందాం.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా కాటు పడితే బిగించి కట్టు కట్టొద్దు, గాటు పెట్టొద్దు, నోటితో పీల్చొద్దు. మంత్రాల కోసం గంటలు పోగొట్టొద్దు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలనివ్వకుండా విషం విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. పామును పట్టుకోబోవద్దు, చంపి తీసుకెళ్లనక్కర్లేదు. పైన చెప్పిన నాలుగు పాములకూ మందు ఒకటే.

అమావాస్యకు ఇంకా కొన్ని రోజులుంటాయి. ఈలోగా ఇంట్లో పాత సామాన్ల డబ్బా ఒకసారి బోర్లించి చూడండి. లైటరు దొరక్కపోతే మూత ఉన్న ఏ చిన్న డబ్బీ అయినా సరే. ఒకటి మీ జేబుకు, ఒకటి పాలు పితికే ఆమె కొంగుకు, ఒకటి పొలం కాపలాకు పోయే కుర్రాడికి. చేసుకున్నాక ఒక రాత్రి వాడి చూడండి. రెండోసారి లైటరు మంట కోసం చెయ్యి పోదు.