పాల గొప్పా, తోడు గొప్పా?

మొన్న ఎదురింటి వదినగారు గిన్నె పట్టుకొచ్చి, "కాస్త తోడు పెట్టండి. మీ పెరుగు గడ్డలా తోడుకుంటుంది, అంతా మీ చేతి మహిమ" అన్నారు. పొగడ్త ఎవరికి చేదు? నవ్వి ఊరుకున్నాను. ఆవిడ వెళ్లాక మాత్రం అంతరాత్మ నిలదీసింది. "చేతి మహిమేమిటే! నీకొచ్చేవి నీళ్లు కలపని గేదెపాలు. ఆవిడ ప్యాకెట్ పాలతో అలా తోడుపెట్టి చూపించు, అప్పుడు తెలుస్తుంది నీ మహిమ!"

ఈ పాలూ పెరుగూ గోలంతా ఎందుకంటే, మావాడి కోసం. మేముండేది అమీన్‌పూర్‌లో. మావాడికి పదమూడేళ్లు. బంతి కనిపిస్తే అన్నం అక్కర్లేదు. సరదా పడుతున్నాడు గదా అని ఫుట్‌బాల్ శిక్షణలో చేర్పించాం. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకున్న కోచ్‌గారు నెల తిరక్కుండానే, "మీవాడిలో టాలెంట్ లేదమ్మా" అని గట్టుమీద కూర్చోబెట్టేశారు. గేటు దగ్గర మాత్రం ఆయన బొమ్మ నిలువెత్తున ఉంది, చుట్టూ కప్పులు! ఆ కప్పులు గెలిచిందెవరా అని ఆరా తీస్తే, సగంమంది ఇంకోచోట ఆట నేర్చుకుని, ఫీజు మాఫీ అంటే ఇటొచ్చిన పిల్లలే.

ఆటల్లోనే కాదు, చదువుల్లోనూ ఇదే తంతు. పదో తరగతిలో మార్కులు దంచిన పిల్లల్ని బతిమాలి చేర్చుకోవడం, రెండేళ్లు పోయాక "మా ర్యాంకులు" అంటూ పేపరు నిండా ఫోటోలు వేసుకోవడం. చిక్కటి పాలు పోసుకుని, పెరుగు మా గొప్పే అనడం కాకపోతే ఏమిటిది?

"అయితే గురువు వట్టి అలంకారమేనంటావా? అంతా ఆడేవాడి ప్రతిభేనా?" అని మావారు అడ్డం తగిలారు. అబ్బే, అక్కడా నేనొప్పుకోను.

మన హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒకాయన ఉండేవారు. బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు ఎగరేసుకొచ్చింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

ఆయనకి దొరికినవి చిక్కటి పాలే, కాదనను. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి లాంటివాళ్లు ఉంటే ఎవరికైనా సగం పని తప్పుతుంది. కానీ మిగతా సగం సంగతి వినండి. సికింద్రాబాద్ అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడుండేవాడు. ఆట ఉంది గాని, హైదరాబాదు దాకా వెళ్లి సాధన చేయడానికి చేతిలో డబ్బుల్లేవు. సైకిలు అద్దెకి రోజూ రూపాయి తన జేబులోంచి ఇచ్చి రప్పించుకున్నారట రహీం. మూడు నెలల ఫీజు ముందే అడగలేదు సుమండీ!

1962 జకార్తాలో వెనక కాపు కాసే జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతన్నీ గట్టుమీద కూర్చోబెట్టేవారు. రహీం అతన్ని తీసుకెళ్లి ముందువరసలో నిలబెట్టారు. సెమీఫైనల్లో గోలు కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. అప్పటికే రహీంగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్. 1963లో పోయారు. ఆయన తర్వాత మన ఫుట్‌బాల్ జట్టుకి ఆసియా క్రీడల్లో మళ్లీ బంగారం లేదు. మిగతా దేశాలు ఎదిగాయి, నిజమే. కానీ ఆయనతోపాటు మన మైదానాల్లో ప్రతిభంతా పోయిందా ఏం?

మా పక్కనే పటాన్‌చెరులో 1972 నుంచీ ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, ఇవీ వాళ్ల పంటలు. నిండా నీళ్లున్న మాగాణి ఇస్తేగాని పనిచేయమని వాళ్లనలేదు. వాన మీద ఆధారపడ్డ మెట్టనేలలో ఏది పండుతుందా అని చూశారు. గురువు పనీ అదే కదండీ?

అంచేత తల్లులారా, ఇకనుంచి ఏ శిక్షణ కేంద్రానికి వెళ్లినా "ఎన్ని కప్పులు? ఎన్ని ర్యాంకులు?" అని అడక్కండి. "అంతంతమాత్రంగా ఆడే పిల్లవాడు మీ దగ్గర చేరితే, ఏడాదికి ఎలా అయ్యాడు? వాణ్ణి చూపించండి" అనండి. ఎంతమంది నీళ్లు నములుతారో చూద్దురుగాని. మావాడు బలరాం కావాలని నాకేం లేదు. గట్టుమీద కూర్చుని తన్ను తాను చేతగానివాడిననుకోకుండా ఉంటే చాలు.

అన్నట్టు, నిన్న ప్యాకెట్ పాలే తెప్పించాను. మామూలు కంటే ఎక్కువసేపు మరిగించి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు ఒక చెంచా ఎక్కువేసి, గుడ్డ చుట్టి కదపకుండా ఉంచాను. గడ్డ పెరుగని చెప్పను గాని, చక్కగానే తోడుకుంది. వదినగారికి ఈసారి తోడుతోపాటు ఆ కిటుకూ చెప్పి పంపాను. మావాడి కోచ్‌గారికి కూడా ఎవరైనా చెబితే బాగుండును!