కొండ నేర్పిన ఓపిక

స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ పట్టణం చెంత, అబీ క్రెయిగ్ కొండమీద ఓ ఎత్తైన రాతి గోపురం ఉంది. స్వాతంత్ర్య వీరుడు విలియం వాలస్ కోసం ప్రజలు చందాలు వేసుకుని కట్టించిన ఈ స్మారకం 1869లో పూర్తయింది. 246 మెట్లెక్కితే మెలికలు తిరిగే ఫోర్త్ నది కనిపిస్తుంది.

1297లో వాలస్, ఆండ్రూ మోరేల సేన ఈ కొండ దగ్గరే కాచుకుంది. ఇంగ్లండ్ సైన్యం పెద్దదే. కానీ అది దాటాల్సిన చెక్కవంతెన ఇరుకు. కొందరు దాటేదాకా ఆగి, మిగతావాళ్లు అవతలే ఉండగా మీదపడ్డారు. గెలిచారు.

మరుసటి ఏడాది ఫాల్కిర్క్‌లో వాలస్ ఓడాడు. అక్కడ ఇరుకు వంతెన లేదు. 1305లో లండన్‌లో అతణ్ని చంపేశారు.

వీరుడు ఒక్కడే. చోటు మారింది, ఫలితమూ మారింది. ధైర్యం ఎంతున్నా, అడుగు వేసేముందు చోటూ అదనూ చూసుకోవాలి.