ఒంటరి పహరా ఉండనివ్వం

వరంగల్, హనుమకొండ జిల్లాల మాజీ సైనికుల, వారి ఇంటివాళ్ల ప్రణాళిక

నల్ల ట్రంకుపెట్టె పట్టుకొని కాజీపేట జంక్షన్‌లో రైలెక్కినవాళ్లం మేము. పదిహేను, ఇరవై ఏండ్లకు మళ్లీ అక్కడే దిగినం. దిగిననాడు ఊరు పూలదండలు వేసింది. ఆ తర్వాత నిద్రపట్టని రాత్రుల సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఫౌజీ ఏడవకూడదని ఊరు నమ్మింది, మేమూ నమ్మినం. ఆ నమ్మకం మనవాళ్లలో కొందరిని మింగింది.

సరిహద్దులో రాత్రి పహరాకు జోడీ ఉంటాడు. ఒకరి రెప్ప వాలితే ఇంకొకరు తట్టి లేపుతారు. పింఛను కాగితం చేతికొచ్చిన రోజే ఆ జోడీ విడిపోతుంది. ఒకరు నర్సంపేటలో, ఒకరు పరకాలలో, ఇంకొకరు హైదరాబాద్‌లో బ్యాంకు గార్డుగా. ఫోన్‌లో, వీడియో కాల్‌లో ఆ జోడీని తిరిగి నిలబెట్టడానికే మేము కూడినం. మా కట్టుబాట్లు ఇవి:

1. ప్రతి మాజీ సైనికుడికీ ఒక జోడీ. వారానికొకసారి పలకరింపు తప్పదు. ర్యాంకు ఏదైనా, ఫోన్‌లో అందరం అన్నదమ్ములమే. సుబేదార్ సాబ్‌నైనా సిపాయి "ఎట్లున్నవన్నా, నిద్రపడుతున్నదా?" అని అడగవచ్చు.

2. సూటిగా అడుగుతాం. "చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. లోపల దాచుకున్న మాట బయటికి రావడానికి దారి దొరుకుతుంది. అడిగినంక మందలించం, వింటాం.

3. మేము డాక్టర్లం కాము. మా హద్దు మాకు తెలుసు. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ, తెలుగులోనూ మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర లేదు. 2023 డిసెంబర్‌లో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో సైనికులకు, వారి కుటుంబాలకు దాని ప్రత్యేక విభాగం కూడా తెరిచారు. ఫోన్ చేయడానికి చేయి వణికితే మేమే కలిపి, లైన్‌లో ఉంటాం. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోవాలంటే వెంట నడుస్తాం.

4. ఆపద దగ్గర పడితే సాధనాన్ని దూరం పెడతాం. గార్డు ఉద్యోగానికి తెచ్చుకున్న లైసెన్సు తుపాకీని చట్టప్రకారం పోలీస్ స్టేషన్‌లో అప్పగించేలా ఒప్పిస్తాం. చేను మందు డబ్బాలను ఇంటికి దూరంగా, తాళం కింద పెట్టిస్తాం. క్యాంటీన్ మద్యం సీసా నిద్రమందు కాదని మొహమాటం లేకుండా చెప్తాం.

5. ఆత్మహత్యాయత్నం నుంచి బతికి బయటపడినవారిని వదలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు చోట్ల జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. ఆత్మహత్యాయత్నం తర్వాత 18 నెలల పాటు పలకరిస్తూ వచ్చినవారిలో ఆత్మహత్య మరణాలు బాగా తగ్గినట్టు అది చూపింది. కాబట్టి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజుతో మా పని మొదలవుతుంది. కేసు అవుతుందన్న భయం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ వారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడమంటుంది, శిక్షించవద్దంటుంది.

6. చెప్పిన మాట గడప దాటదు. రికార్డింగ్ లేదు, స్క్రీన్‌షాట్ లేదు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఇంటివాళ్లకు, డాక్టరుకు చెప్తాం. ఈ సంగతి మొదటి రోజే చెప్పి ఉంచుతాం. పోయినవాళ్ల ఫొటోలు, పోయిన తీరు ఎవరికీ పంపం.

7. భార్యలకు, తల్లులకు, వీరనారులకు వేరే జోడీలు. భర్త నిద్రలో ఉలిక్కిపడి లేచిన ప్రతి రాత్రీ ఆమె కూడా మేలుకునే ఉన్నది. ఆమె ఫోన్‌ను ఆడవాళ్లే ఎత్తుతారు.

8. వచ్చే తమ్ముళ్లకు ముందే సిద్ధమవుతాం. 2022లో ప్రకటించిన సైనిక నియామక పథకం అగ్నిపథ్ నియమం ప్రకారం నాలుగేండ్ల తర్వాత 25 శాతం దాకానే కొనసాగుతారు. మిగిలినవారు పాతికేండ్లకు అటూఇటూ వయసులో, పింఛను లేకుండా ఊరికి వస్తారు. రైలు దిగిన రోజే వారికి జోడీ ఉండాలి.

అప్పటి సైన్యాధిపతి జనరల్ కరియప్ప 1953 జనవరి 14న పదవీ విరమణ చేశారు. ఆ తేదీనే మాజీ సైనికుల దినంగా జరుపుకుంటున్నాం. ప్రతి ఏటా ఆ రోజు మా లెక్క అందరి ముందు పెడతాం: ఎన్ని ఫోన్లు ఎత్తినం, ఎన్ని ఎత్తలేకపోయినం. ఎత్తని ఫోన్‌కు సాకు చెప్పం. పహరాలో కునుకుకు సాకు లేదని మాకు నేర్పింది ఫౌజే.